తొమ్మిది మరలు

మూడు లాంతర్ల దగ్గర దుకాణంలో
అద్దాల బల్ల మీద ఏడింటిని పరిచాడు లోకనాథం.
నా చూపంతా వెండిరంగు దాని మీదే.
అప్పడంలా పలచన.
వేలు ఆనిస్తే చాలు, తెరుచుకుంటోంది.

మా అయ్య చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.
ఎంత కడిగినా వార్నిష్ మరక వదలని చేతిని
ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు.
గరివిడి గేటు పక్కన ఇరవయ్యేళ్ళుగా
కాలిపోయిన నీటి మోటార్లకు
రాగితీగ చుట్టే చెయ్యి అది.

లోకనాథం ర్యామ్ అన్నాడు, కోర్ అన్నాడు,
పన్నెండో జనరేషన్ అన్నాడు.
"అంటే తరమేనా?" అయ్య తలెత్తాడు.
"ఎన్ని తరాలు నిలబడతాదేటి?"
"అలా కాదండి..."
"సర్లే బాబూ. ఇంటరు రెండేళ్ళు, పై సదువు నాలుగు.
ఆరేళ్ళు రావాల. వస్తాదా?"
"వారంటీ ఏడాదండి."
అయ్య నవ్వలేదు.
తను చుట్టిన మోటారుకి ఆయన ఇచ్చేది మాట.
కాగితం ఎప్పుడూ ఇవ్వలేదు.

అన్నిటినీ ఆన్ చేయించి
పావుగంట ఆగమన్నాడు.
ఆ పావుగంటా నోరు విప్పలేదు.
తరవాత ఒక్కోదాని అడుగున అరచెయ్యి పెట్టాడు,
జ్వరం చూసినట్టు.
చెవి ఆనించి ఫ్యాను విన్నాడు.
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.
బైకు తాళం తిప్పుకుంటున్న కుర్రాళ్ళిద్దరు
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
నేను గోడమీద కేలండర్లో తేదీలు చదువుకున్నాను.

వెండిదాన్ని బోర్లా తిప్పాడు.
"దీని మరలేవి?"
"ఉండవండి. అతికించేస్తారు."
"పాడైతే?"
"కంపెనీకి పంపాలి."
"ఇప్పలేని దాన్ని ఒగ్గీ గుంటా," అన్నాడు నాతో,
"కొన్నా అది మనది కాదు."

మూల అరలోంచి ఇంకోటి తీయించాడు.
నల్లది. ఎవరో వాడి వదిలేసింది. పద్దెనిమిది వేలు.
మూత మీద పీకేసిన స్టిక్కరు జిగురు.
ఎడంవైపు ఒక మీట మీద అక్షరం అరిగిపోయింది.
ఇటుకంత బరువు.
అడుగున తొమ్మిది మరలు.
అయ్య వేలు వాటిని ఒక్కొక్కటే తడిమింది.
ఒకదాని తల కొంచెం నలిగింది.
"ఎవడో ఇప్పి మళ్ళీ నేరుగా బిగించేడు," అన్నాడు
ఆ ముక్కూమొహం తెలియని మనిషిని మెచ్చుకుంటూ.

తెర వెలిగింది.
స్వాగతం, ఝాన్సీ, అంది.
ఝాన్సీ ఎవరు?
లోకనాథానికీ తెలీదు. పేరు చెరపడం మరిచారట.
"ఉండనీ," అన్నాడు అయ్య,
"సదువు సూసిన మిషననమాట."

పలాస పాసింజర్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.
నెల్లిమర్ల దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు.
ఛార్జర్ని తువ్వాల్లో చుట్టి పట్టుకుని
ఆయన కిటికీలోంచి
గోగుచేల మధ్య మోటారు షెడ్లు చూస్తున్నాడు,
ఏది తను చుట్టిందో, ఏది కాదో.

కార్తీకంలో గాలివాన.
మొదటి రాత్రే కరెంటు పోయింది.
రేపటికి ఇవ్వాల్సిన ప్రాజెక్టు సగం రాశాను.
బ్యాటరీ నలభై ఆరు శాతం.
ఎదురుగా అయ్య.
తెల్లారేసరికి ఎవరి చేలోనో నీళ్ళు తోడాల్సిన మోటారు
పొట్ట విప్పుకుని ఆయన కాళ్ళ మధ్య.
"కొంచెం ఇటు తిప్పుతావేటి?"

తిప్పాను.
రాగితీగ ఎర్రగా మెరిసింది.
డెబ్బై మూడు, డెబ్బై నాలుగు,
పెదవులతో లెక్కపెడుతున్నాడు.
పలకరిస్తే చుట్టు తప్పుతుంది.
తెర నిద్రపోబోయినప్పుడల్లా చీకట్లో
చేతికి దొరికిన మీట నొక్కుతూ
ఎప్పుడు కునికానో.

పొద్దున చూస్తే
ఆగిన వాక్యం తరవాత
రెండున్నర వరసలు, ఒకటే అక్షరం.
మీట మీద లేనిది.